ఆగి ఆగి నడిచే బండి: లోపాన్ని వెతికే పద్ధతి



పూర్తిగా చెడిపోయిన బండిని బాగుచేయడం అంత కష్టం కాదు. ఎప్పుడు చూసినా అది చెడిపోయే ఉంటుంది కనుక మెకానిక్కు లోపాన్ని పట్టుకోగలడు. అసలు చిక్కంతా ఒక క్షణం ఆగి, మరుక్షణం ఏమీ ఎరుగనట్టు నడిచే బండితోనే. షెడ్డుకు చేరేసరికి దానికి ఏ జబ్బూ ఉండదు. ఫ్లైఓవరు మీద, వెనుక లారీ వస్తూండగా మాత్రం ప్రాణం మీదికి తెస్తుంది. నగరంలోని తెలుగు కుటుంబాలలో స్పోర్ట్స్ బైకు నడిపే యువకులు ఎందరో ఉన్నారు. నేటి ప్రసంగం వారి కొరకు, వారు ఇంటికి చేరేదాకా ఎదురుచూసే తల్లిదండ్రుల కొరకు.

బెంగళూరు కృష్ణరాజపురంలో ఉంటూ వైట్‌ఫీల్డులో ఉద్యోగం చేసే ఒక యువకుణ్ణి ఊహించుకుందాం. అతడు నాలుగేళ్లు నడిచిన స్పోర్ట్స్ బైకును సెకండ్ హ్యాండులో కొన్నాడు. రెండు నెలలు బాగానే నడిచింది. ఒకనాడు యూటర్ను తీసుకుంటూండగా ఇంజను ఆగిపోయింది. పక్కకు తోసుకువెళ్లి బటన్ నొక్కితే వెంటనే స్టార్టయింది. ఆ వారంలోనే మరి రెండుసార్లు అలాగే జరిగింది. ఒకరు బ్యాటరీ అన్నారు, కొత్తది వేయించాడు. మరొకరు స్పార్కు ప్లగ్గు అన్నారు, అదీ మార్పించాడు. మూడోవారు ఇంజనును నడిపే కంప్యూటరు, అంటే ఈసీయూ, పోయిందన్నారు. జె.సి. రోడ్డుకు వెళ్లి దాని ధర విన్న తరువాత గాని అతడు ఆగి ఆలోచించలేదు.

భాగాలు మార్చడం వేరు, లోపాన్ని వెతకడం వేరు. వెతకడం ఒక ప్రశ్నతో మొదలవుతుంది: ఇంజను ఆగిన క్షణాన మీటరు వెలుగుతూ ఉన్నదా, ఆరిపోయినదా?

మీటరు కూడా ఆరిపోతే బండి మొత్తానికి విద్యుత్తు అందడం లేదని అర్థం. అప్పుడు చూడవలసినవి బ్యాటరీ టెర్మినళ్లు, మెయిన్ ఫ్యూజు, ఇగ్నిషన్ స్విచ్చు, ఎర్తు వైరు. మీటరు వెలుగుతూ ఇంజను మాత్రమే ఆగితే దారి వేరు. సైడ్ స్టాండు స్విచ్చు, క్లచ్చు స్విచ్చు, కిల్ స్విచ్చు, బండి పడిపోతే ఇంజనును ఆపే సెన్సరు, క్రాంకు సెన్సరు, పెట్రోలు పంపు వరుసగా చూడాలి. ఇందులో హెడ్‌లైటును సాక్ష్యంగా తీసుకోరాదు. 2017 ఏప్రిల్ నుండి కొత్త ద్విచక్ర వాహనాలలో ఇంజను నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు ఉన్నది. చాలా బండ్లలో ఇంజను ఆగితే అదీ ఆరిపోతుంది.

రెండవ ప్రశ్న: ఏ పరిస్థితిలో ఆగుతున్నది? గతుకుల్లో ఆగితే వదులైన టెర్మినలునో, ఎగిరిపడే సైడ్ స్టాండునో అనుమానించాలి. హ్యాండిలు తిప్పినప్పుడు ఆగితే మెడ దగ్గర వంగే వైర్లను చూడాలి. ఇంజను వేడెక్కాక ఆగి, చల్లారాక నడిస్తే సెన్సర్లను, కనెక్టర్లను చూడాలి. వానలో ఆగితే కనెక్టర్లలో చేరిన నీటిని వెతకాలి. కొంతదూరం పోయాక ఈడ్చుకుంటూ ఆగి, ట్యాంకు మూత తీయగానే గాలి లోపలికి పీల్చుకున్న చప్పుడు వస్తే మూతలోని గాలి రంధ్రం మూసుకుపోయి ఉండవచ్చు. అది విద్యుత్తు లోపమే కాదు.

ఆ యువకుడు ఒక చిన్న పుస్తకంలో అన్ని సందర్భాలనూ రాసుకున్నాడు. ప్రతిసారీ హ్యాండిలు పూర్తిగా ఎడమకు తిరిగి ఉన్నది. ప్రతిసారీ మీటరు కూడా ఆరింది. ఆదివారం బండిని స్టాండు వేసి నిలిపి, తాళం ఆన్ చేసి, హ్యాండిలును ఈ కొస నుండి ఆ కొసకు మెల్లగా తిప్పాడు. ఎడమ కొసన మీటరు మిణుకుమిణుకుమన్నది. వెనుకటి యజమాని అలారం పెట్టించి, ఇగ్నిషన్ వైర్లను ప్లాస్టిక్ టై‌తో బిగించి కట్టించాడు. పైతొడుగు చెక్కుచెదరలేదు, లోపలి రాగి తీగలు మాత్రం దాదాపు అన్నీ తెగిపోయాయి. మెకానిక్కు ఆ ముక్కను కోసి, అదే మందం వైరును టంకం వేసి అతికి, స్లీవు తొడిగి, తిరగడానికి కాస్త వదులు ఉంచాడు. పాత బ్యాటరీలో ఏ లోపమూ లేదు.

కొలతలు కూడా అవసరమే. మల్టీమీటరుతో చూసినప్పుడు, ఇంజను ఆపి ఉంచిన మంచి బ్యాటరీలో 12.6 వోల్టుల వరకు ఉంటుంది. ఇంజను కొంచెం రైజ్ చేస్తే సుమారు 13.5 నుండి 14.5 వోల్టులు రావాలి. పెరగకపోతే ఛార్జింగు అందడం లేదు. 15 దాటితే రెక్టిఫైయరును చూపించాలి. రెక్టిఫైయరు కనెక్టరు నల్లబడినా, కరిగినా అక్కడే లోపం ఉండవచ్చు. అయితే బండి బాగా నడుస్తున్న సమయాన తీసిన కొలత లోపం లేదని రుజువు చేయదు. ఆగే పరిస్థితిని మళ్లీ కల్పించి కొలవాలి.

చేయకూడనివి రెండు. సైడ్ స్టాండు స్విచ్చు వైర్లను శాశ్వతంగా కలిపివేయరాదు. స్టాండు దించి ఉండగానే బండి కదిలి మలుపులో పడవేస్తుంది. ఫ్యూజు పోతే ఎక్కువ ఆంపియర్లది గాని, వెండి రంగు కాగితం గాని పెట్టరాదు. అప్పుడు ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది.

దారిలో ఇంజను ఆగితే వెంటనే క్లచ్చు పట్టాలి. హఠాత్తుగా బ్రేకు వేయకుండా, ఇండికేటరు వెలగకపోతే చేయి చూపి, ఎడమ అంచుకు చేరాలి. లోపం దొరికేదాకా ఫ్లైఓవర్లు, హైవేలు మానుకోవడం మంచిది. ప్రమాదం జరిగితే 112కు ఫోను చేయాలి.

షెడ్డులో భాష రాక ఇబ్బంది పడే వారికి ఒక మాట. బండిని అప్పగించేటప్పుడు ఒక చీటీ ఇవ్వండి. ఎన్నిసార్లు ఆగింది, ఎంతదూరం పోయాక ఆగింది, మీటరు ఆరిందా వెలిగిందా, హ్యాండిలు ఎటు ఉన్నది, వాన ఉన్నదా అని ఉంటే చాలు. కన్నడం రాయగలిగిన పొరుగువారి చేత రాయించినా సరే. ఏ భాగం మార్చాలో చెప్పకండి, ఏమి జరిగిందో చెప్పండి. మెకానిక్కుకు పని తగ్గుతుంది, మీకు ఖర్చు తగ్గుతుంది, ఇంట్లో ఎదురుచూసేవారికి దిగులు తగ్గుతుంది.