నాలుగు వందల ఎకరాలు, ఐదు ఎకరాలు

(రేడియో ప్రసంగ పాఠము. వాక్యభాగము: లూకా 14:28-30)

ఈ ఉదయము ధ్యానము కొరకు లూకా సువార్త 14వ అధ్యాయము 28 నుండి 30 వచనములు తెరచి మీ యెదుట ఉంచుకొనండి.

మా సంఘములో ఒక యౌవనస్థుడున్నాడు. అమెరికాలో చదువుకొని వచ్చి హైటెక్ సిటీలో ఉద్యోగము చేస్తున్నాడు. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, అక్కడ విశ్వవిద్యాలయాలకు సొంత బేస్‌బాల్ స్టేడియాలుంటాయండి. మిసిసిపి స్టేట్ యూనివర్సిటీ స్టేడియంలో విద్యార్థుల ఆట చూడడానికి ఒక్క రోజే 15,000 మందికి పైగా వచ్చిన సందర్భాలున్నాయి. మన దగ్గర అలాంటిది ఎందుకు లేదండీ?" అని అడిగాడు.

"బాబూ, దానికి జవాబు నీ ఆఫీసుకు దగ్గరలోనే ఉంది. గచ్చిబౌలి మీదుగా రోజూ వెళ్తున్నావు గాని ఎప్పుడూ ఆగి చూడలేదు" అన్నాను. అతనితో చెప్పిన సంగతే ఈ రోజు మీతో చెప్పాలని ఆశపడుతున్నాను.

హైదరాబాదు విశ్వవిద్యాలయము 1974లో ఏర్పడింది. దానికి గచ్చిబౌలి వైపు రెండు వేల ఎకరాలకు పైగా స్థలము చూపించారు. బండరాళ్లు, తుప్పలు, చిన్న చెరువులు ఉన్న చోటు అది. తరువాత ఆ ప్రాంతములోనే 2002 జాతీయ క్రీడల కొరకు పెద్ద స్టేడియం కట్టారు. ఆ సంవత్సరము మార్చిలో హెలికాప్టరు ప్రమాదములో మరణించిన లోక్‌సభ స్పీకరు జి.ఎం.సి. బాలయోగి గారి పేరు దానికి పెట్టారు. 2003లో ఆఫ్రో-ఏషియన్ క్రీడలు, 2007లో ప్రపంచ సైనిక క్రీడలు మన నగరానికి వచ్చాయి.

ఆ ఉత్సాహములోనే ఇంకొక పెద్ద ఆలోచన పుట్టింది. విశ్వవిద్యాలయమును ఆనుకొని కంచ గచ్చిబౌలిలో ఉన్న 400 ఎకరాలను, క్రీడా అకాడమీలు కడతామన్న ఐ.ఎం.జి. భారత అనే సంస్థకు 2004లో ఇచ్చారు. ఆ అకాడమీలు రాలేదు. 2006లో ప్రభుత్వము ఆ కేటాయింపును రద్దు చేసింది. వివాదము హైకోర్టుకు వెళ్లింది. రద్దు సరియైనదేనని 2024లో తీర్పు వచ్చింది. అంటే పద్దెనిమిది సంవత్సరాలు! ఆ వ్యవహారము మొదలైన నాడు పుట్టిన బిడ్డ కాలేజీకి వెళ్లే వయస్సుకు వచ్చాడు గాని, ఆడుకొనుటకు అక్కడ మైదానము లేదు.

2025 మార్చి నెలాఖరున ఐటీ పార్కుల కొరకు ఆ భూమిలోనికి యంత్రాలు దిగాయి, చెట్లు కూలాయి. విద్యార్థులు అడ్డు నిలిచారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమని ఆదేశించింది. భూమి ఎవరిదో, తప్పు ఎవరిదో తేల్చుటకు న్యాయస్థానములున్నాయి. ఈ దైవసేవకునికి ఆ పని లేదు. అయితే మన యొద్ద ఒక ప్రశ్న ఉండాలి.

ప్రియులారా, ప్రభువు చెప్పిన మనుష్యుని చూడండి. గోపురము కట్టబోయేవాడు మొదట కూర్చుండి ఖర్చు లెక్కచూసుకొంటాడు. లేనియెడల పునాది మాత్రమే మిగులుతుంది, చూచినవారు నవ్విపోతారు. ఖర్చు అంటే రూపాయలు మాత్రమే కాదు. కట్టిన తరువాత ప్రతి ఉదయము ఎవరు తలుపు తీస్తారు? ఎవరు నేర్పుతారు? ఎన్నాళ్లు? ఇదియే అసలైన లెక్క.

అదే గచ్చిబౌలిలో ఈ లెక్క వేసుకొన్న మనిషి ఒకరున్నారు. 2001లో ఆల్ ఇంగ్లండ్ టైటిలు గెలిచిన పుల్లెల గోపీచంద్ గారికి బ్యాడ్మింటన్ అకాడమీ కొరకు ప్రభుత్వము 2003లో ఇచ్చినది ఐదు ఎకరాలు. భవనానికి డబ్బు చాలక ఆయన తన ఇల్లు తాకట్టు పెట్టారు. ఒక దాత ఐదు కోట్ల రూపాయలు సహాయము చేశారు. 2008లో అకాడమీ తెరిచారు. తెల్లవారకముందే పిల్లలు వచ్చేవారు, వారికంటె ముందు గురువు ఉండేవాడు. అక్కడ నేర్చుకొన్న సైనా నెహ్వాల్ 2012లో లండన్‌లో కాంస్యము, పి.వి. సింధు 2016లో రియోలో వెండి పతకము తెచ్చారు. 2021లో జరిగిన టోక్యో పోటీలకు సింధు అభ్యాసము చేసినది గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలోనే. ఒకప్పుడు పండుగ కొరకు కట్టినది ఆ విధముగా కూడా పనికివచ్చింది.

నాలుగు వందల ఎకరాలలో ఒక్క ఆటగాడు లేడు. ఐదు ఎకరాలలో నుండి ఒలింపిక్ పతకాలు వచ్చాయి. తేడా భూమిలో లేదు, దినదినము అక్కడ నిలబడిన మనిషిలో ఉంది.

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పాను. ఇప్పుడు నా సంగతి ఒప్పుకొంటాను. మా మందిర ఆవరణలో ఒక పెద్ద హాలు కట్టాలని పునాదిరాయి వేశాము. ఆ రోజు పూలదండలు, ఫోటోలు, ప్రేమవిందు అన్నీ జరిగాయి. కానుకలు అంతగా రాలేదు. ఆ స్థలములో అంతకుముందు వాడలోని పిల్లలు సాయంకాలము బంతి ఆడుకొనేవారు. "ఇక్కడ హాలు కట్టబోతున్నాము, బయటికి వెళ్లండి" అని వారిని పంపించి గేటుకు తాళము వేసింది నేనే. హాలు రాలేదు, పిల్లలూ రాలేదు. ఆరు సంవత్సరాలు ఆ చోట పిచ్చిమొక్కలు పెరిగాయి.

ఆ యౌవనస్థునితో మాట్లాడిన వారమే నేను ఆ తాళము తీశాను. ఇప్పుడు శనివారము సాయంకాలము అతడే వచ్చి పిల్లలతో ఆడుతున్నాడు. మొదటి వారము నలుగురు వచ్చారు. నలుగురే చాలు.

సహోదరీ సహోదరులారా, మీ ఇంటిలో, మీ సంఘములో పునాదిరాయి దగ్గర ఆగిపోయినది ఏమున్నది? బిడ్డకు ఖరీదైన రాకెట్టు కొనిపెట్టారు గాని వానితో కూడ మైదానానికి వెళ్లే అరగంట ఇచ్చారా? పెద్ద పని ఎప్పుడో చేస్తామని చెప్పి, ఈ రోజు చేయగలిగిన చిన్న పనికి తాళము వేశారా? ఈ వారము ఒక్క తాళము తీయండి. రేపు కూడ అక్కడికి వెళ్లండి.

ఆరంభించిన దానిని కొనసాగించే ఓపిక ప్రభువు మీకును నాకును దయచేయును గాక. ఆమేన్.