గీసేది వాళ్లు, వాడేది మనం

(గ్రామీణ మహిళా సంఘాలతో పనిచేసే కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈమధ్య హైదరాబాదులో ఒక పెద్ద హోటల్లో రెండు రోజులు జరిగిన సదస్సుకి వెళ్లి వచ్చాను. అక్కడ ఏం జరిగిందో చెప్పమని మీరు అడిగారు. అది స్త్రీల సదస్సు కాదు, హక్కుల సదస్సు అంతకన్నా కాదు. 'యూజర్ ఎక్స్‌పీరియన్స్ డిజైన్' సదస్సు. పిలుపు అందినప్పుడు నాకూ ఏమీ అర్థం కాలేదు. బట్టల డిజైన్ కాబోలు అనుకున్నాను.

కాదు. ఫోనులో, బ్యాంకు మిషన్లో, రేషన్ షాపు మిషన్లో ఏ మీట ఎక్కడుండాలి, దాని మీద ఏ మాట రాయాలి, మనిషి తప్పు నొక్కితే ఏం జరగాలి అని ఆలోచించి తెరలు గీసేవాళ్లు ఉంటారట. వాడుకునే మనిషికి ఆ వస్తువుతో ఎదురయ్యే అనుభవాన్ని చక్కదిద్దడం వాళ్ల పని. దాన్నే పొట్టిగా యూఎక్స్ అంటారు.

దానితో మనకేం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఒక్కసారి మన పని వైపు చూడండి. 2021లో అంగన్‌వాడీ కార్యకర్తల చేతికి పోషణ్ ట్రాకర్ యాప్ వచ్చింది. అందులోని ఇంగ్లీషుతో, నాసిరకం ఫోన్లతో వేగలేక ఆ ఏడాదే మహారాష్ట్రలో అంగన్‌వాడీ స్త్రీలు ఫోన్లను ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేశారు. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి పని స్థలంలో రోజుకి రెండుసార్లు ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలన్నారు. సిగ్నల్ లేక ఫోటో ఎక్కకపోతే, పొద్దంతా మట్టి తవ్విన మనిషి రానట్టే లెక్క. ఆ పనిదినాల్లో సగానికి పైగా స్త్రీలవే. ఒకప్పుడు మేస్త్రీ మస్టరు ఎగ్గొడితే నిలదీసేవాళ్లం. ఇప్పుడు తెర ఎగ్గొడితే ఎవరిని నిలదీయాలి? ఆ తెరని గీసేవాళ్లు ఎలా ఉంటారో, ఏం మాట్లాడుకుంటారో చూద్దామనే వెళ్లాను.

మొదటిరోజు అంతా ఉపన్యాసాలు. సగం ఇంగ్లీషు నాకు అందలేదు. అందిన వాటిలో మూడు విషయాలు చెబుతాను.

మొదటిది. డోనాల్డ్ నార్మన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1988లో నిత్యం వాడే వస్తువుల గురించి ఒక పుస్తకం రాశాడు. ఒక తలుపు దగ్గర నిలబడి దాన్ని నెట్టాలో లాగాలో మనిషికి తెలియకపోతే, తప్పు ఆ మనిషిది కాదు, తలుపు చేసినవాళ్లది అంటాడాయన. ఈ మాట వినగానే నాకు మన సంఘాల స్త్రీలు గుర్తొచ్చారు. బ్యాంకు మిషన్ ముందు నిలబడి, "మాకు సదువు రాదక్కా, మొద్దులం" అని ఎన్నిసార్లు అనుకున్నారు! మిషన్ పనిచేయకపోయినా తమనే తిట్టుకుంటారు. బట్టలు ఉతికీ, కలుపు తీసీ, రాళ్లు మోసీ గీతలరిగిన వేలిని మిషన్ గుర్తుపట్టకపోతే, ఆ వేలినే చీర చెంగుతో మళ్లీ మళ్లీ తుడుస్తారు. కష్టం చేసిన చేతిది తప్పెలా అవుతుంది? అన్నిటికీ తననే నిందించుకోమని ఆడదానికి నేర్పిన సమాజంలో, 'తప్పు నీది కాదు' అన్న మాట చిన్నది కాదు.

రెండోది నార్వే, స్వీడన్ దేశాల సంగతి. 1970ల మొదట్లో నార్వేలో క్రిస్టెన్ నైగార్డ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఇనుము, లోహ కార్మికుల యూనియన్‌తో కలిసి పనిచేశాడు. ఫ్యాక్టరీలోకి కంప్యూటర్ వస్తే దాని గురించి మాట్లాడే హక్కు యాజమాన్యానికే కాదు, కార్మికులకూ ఉండాలన్నది అక్కడి వాదన. 1981లో మొదలైన యుటోపియా ప్రాజెక్టులో పత్రికల అచ్చు కార్మికులు డిజైనర్ల పక్కన కూర్చున్నారు. ముందు చెక్కతో, అట్టలతో ఉత్తుత్తి కంప్యూటర్లు చేసుకుని, తమ పని అందులో ఎలా సాగాలో వాళ్లే చూపించారు. ఆ తర్వాత ఆస్లోలో ఆస్పత్రి నర్సులతో అలాంటి ప్రయత్నమే జరిగింది. డిజైనర్లు వార్డుల్లో నర్సుల వెంట తిరిగి ముందు వాళ్ల పని నేర్చుకున్నారు. నర్సింగ్ అంటే డాక్టరు చెప్పింది చేయడమే అనుకునే చోట, నర్సులకి తమదంటూ ఒక జ్ఞానం ఉందని ఒప్పుకున్నారన్నమాట. ఇలాంటి భాగస్వామ్య డిజైన్ మీద మొదటి సదస్సు 1990లో అమెరికాలోని సియాటిల్‌లో జరిగింది. అంటే, కార్మికులు అడిగి తెచ్చుకున్న హక్కు నుంచి పుట్టిన పద్ధతి ఇది. ఈనాటి హోటల్ సదస్సుల్లో పద్ధతి మిగిలింది. యూనియన్ మాత్రం కనబడలేదు.

మూడోది మన పక్కనున్న బెంగుళూరుది. ఇంద్రాణీ మేధి, ఆమె సహచరులు స్త్రీ జాగృతి సమితి అనే సంస్థ ద్వారా బస్తీల్లోని ఇంటిపని చేసే స్త్రీల దగ్గరికి వెళ్లారు. చదువు రానివాళ్లు పని వెతుక్కునేందుకు అక్షరాలు లేని తెర తయారుచేయాలన్నది వాళ్ల ప్రయత్నం. 2006లో ఆ వివరాలు ఒక అంతర్జాతీయ సదస్సులో చెప్పారు. వంటగది బొమ్మ పెడితే ఆ స్త్రీలకి అది గదిలాగే కనబడింది. కుళాయిలోంచి నీళ్లు కారుతున్నట్టు, గిన్నెలోంచి ఆవిరి లేస్తున్నట్టు చూపించాకే అది పని అని తోచింది. బొమ్మలు కుదిరాక కూడా ఒక సందేహం మిగిలింది. ఈ పెట్టెలోకి పని ఎక్కడినుంచి వస్తుంది? ఎవరు పెడతారు? అందుకని, యజమానురాలు పని ఉందని చెప్పడం, ఆ కబురు కంప్యూటర్‌లోకి చేరడం ఒక చిన్న నాటకంలా వీడియో తీసి చూపవలసి వచ్చింది. ఎంత సరైన సందేహమో చూడండి! ముక్కూ మొహం తెలియని పెట్టెని నమ్మి ఎవరింటికో పనికి వెళ్లే ముందు ఏ ఆడమనిషైనా అడగవలసిన ప్రశ్నే అది.

ఇక రెండోరోజు వర్క్‌షాపులు. నాకు అసలు పాఠం అక్కడే జరిగింది. అందులో నా తప్పు కూడా ఉంది కాబట్టి దాచకుండా చెబుతాను.

వేధింపులకు గురైన స్త్రీలు ఫోను ద్వారా సాయం కోరే యాప్ ఒకటి తయారవుతోంది. దాన్ని పరీక్షించడానికి 'గ్రామీణ యూజర్లు' ఇద్దరిని తీసుకురమ్మని నన్ను అడిగారు. మన సంఘాల నుంచి ఇద్దరిని తీసుకెళ్లాను. ఆ రోజు కూలి మానుకుని, నా మాట మీద వచ్చారు.

ముందుగా గోడకి కార్డులు అంటించారు. వాటిని పర్సోనా అంటారట. ఊహించి తయారుచేసిన మనిషి అన్నమాట. ఒక కార్డు మీద పల్లెటూరి స్త్రీ. నవ్వుతున్న ఫోటో, ఒక పేరు, ముప్పై రెండేళ్ల వయసు, ఇద్దరు పిల్లలు, 'కొత్త విషయాలు నేర్చుకోవాలన్న ఆసక్తి' ఉంది. కులం లేదు. అప్పు లేదు. తాగొచ్చే మొగుడు లేడు. నాతో వచ్చిన అక్క ఆ ఫోటో చూసి, "ఈమెకు యాప్ ఎందుకు? సుఖంగనే ఉన్నదిగద" అంది. అందరూ నవ్వారు. కానీ ఆ మాట ఎవరూ రాసుకోలేదు.

తర్వాత ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి, ఫోను చేతికిచ్చి, మనసులో అనుకునేదంతా పైకి చెబుతూ వాడమన్నారు. ఎదురుగా కెమెరా. ముందు ఒక కాగితం మీద సంతకం పెట్టాలన్నారు. కాగితం ఇంగ్లీషులో ఉంది. నేను కూడా పూర్తిగా చదవలేదు. "ఏం ఫరవాలేదు, పెట్టండి" అన్నది నేనే.

యాప్‌లోకి వెళ్లాలంటే ఫోను నంబరు ఇవ్వాలి, దానికి ఓటీపీ వస్తుంది. ఆ అక్క ఆగిపోయింది. "ఫోను మా ఆయనది. నంబరొస్తె ఆయనకే కనిపిస్తది" అంది. అవతలివాళ్లు మర్యాదగానే "ఇప్పుడు ఉందనుకుని చేయండి" అన్నారు. ఆమె చేయలేకపోయింది. ఆ రోజు అక్కడ ఎవరైనా చెప్పగలిగినవాటిలో అన్నిటికన్నా విలువైన మాట అదే. కానీ వాళ్ల పట్టికలో 'పని పూర్తికాలేదు' అని పడింది.

సాయంత్రం అందరి ముందూ ఫలితాలు చూపించారు. తెర మీద ఆమె వీడియో వచ్చింది. వేలు గాలిలో ఆగిపోయి, దిక్కులు చూస్తున్న మొహం. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. నిన్న తలుపుదే తప్పని చప్పట్లు కొట్టిన హాలే అది. అదృష్టమో దురదృష్టమో, ఆమె అప్పటికే బయట టీ తాగుతోంది. నేను లేచి ఆపమన్నాను. ఆపారు. నిర్వాహకులు వచ్చి క్షమించమన్నారు, వీడియో తీసేస్తామన్నారు. నా ఎదుటే తీసేశారు కూడా. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. వాళ్లకి ఆమె ఒక 'యూజర్', అంతే.

తిరుగు బస్సులో ఆ అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: "నాకు పరీక్ష పెట్టిండ్రా అక్కా? నేను ఫేలైనట్టేనా?"

జవాబు చెప్పడానికి నాకు నోరు రాలేదు. పరీక్ష ఆ యాప్‌కని, ఫేలయింది అదేనని మెల్లగా చెప్పాను. వీడియో సంగతి కూడా దాచలేదు, చెప్పేశాను. ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూ, "మల్ల పిలిస్తె కూలి ఎంతో ముందుగాల చెప్పమను. ఏం అడుగుతరో గుడ చెప్పమను" అంది.

ఈ రెండు వాక్యాల్లో ఉన్నంత స్పష్టత నాకు రెండు రోజుల ఉపన్యాసాల్లో దొరకలేదు. అలాగని ఉపన్యాసాలు వృథా అనటం లేదు. స్త్రీల వైపు నుంచి ఆలోచించినవాళ్లు ఆ రంగంలోనూ ఉన్నారు. 2010లో అట్లాంటాలో జరిగిన కంప్యూటర్ డిజైన్ సదస్సులో షావెన్ బార్జెల్ స్త్రీవాద దృష్టితో డిజైన్ ఎలా ఉండాలో ఒక పత్రం సమర్పించింది. అందులో ఒక అంశం, ఏ వ్యవస్థ అయినా తనని వాడే మనిషిని ఎలాంటి మనిషిగా ఊహిస్తోందో బయటపెట్టాలన్నది. ఆ గోడ మీది నవ్వుతున్న ఫోటో గుర్తు చేసుకోండి. 2018లో నిత్యా సాంబశివన్ బృందం భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్ స్త్రీలతో మాట్లాడి, మన దగ్గర ఫోను ఒక్కరిది కాదని, ఇంట్లోవాళ్లు అడిగి తీసుకుంటారని, తెరిచి చూస్తారని రాసింది. స్త్రీలు యాప్‌లకి తాళాలు వేసుకోవడం, మెసేజీలు చెరిపేసుకోవడం, కొన్నిటిని అసలు వాడకుండా ఉండటం ద్వారా తమ కాస్త జాగా కాపాడుకుంటున్నారని చెప్పింది. బస్సులోని అక్క చెప్పిందీ, పండితులు పరిశోధించి తేల్చిందీ ఒకటే. తేడా ఏమిటంటే, ఆమె మాట పట్టికలో ఎక్కలేదు.

మరి మనం ఏం చేయాలి? ఇలాంటి పిలుపులు ఇకముందు మరిన్ని వస్తాయి. వెళ్లొద్దని నేననను. మనం వెళ్లకపోతే ఆ నవ్వుతున్న ఫోటోయే మన తరఫున మాట్లాడుతుంది. వెళ్లేముందు అడగవలసినవి అడుగుదాం.

ఒకటి, అంగీకార పత్రం తెలుగులో ఉండాలి, పైకి చదివి వినిపించాలి. ఇది దయ కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, అంగీకారం కోరే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వీలుండాలని, ఇచ్చిన అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చని చెబుతోంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలులోకి వస్తాయి. అవి పూర్తిగా అమలయ్యేదాకా ఆగాల్సిన పనిలేదు, ఇప్పుడే అడుగుదాం.

రెండు, వచ్చిన స్త్రీకి ఆ రోజు కూలి, దారిఖర్చులు ఇవ్వాలి. డిజైనర్ సమయానికి ధర ఉన్నప్పుడు ఆమె సమయానికీ ఉంటుంది.

మూడు, అంతా గీసేశాక చివర్లో పరీక్షకి కాదు, గీయకముందే పిలవాలి. ఆ అక్కని మొదటే పిలిచి ఉంటే ఓటీపీ సంగతి ఆనాడే తేలేది.

నాలుగు, ఆమె చెప్పినదాన్ని ఏం చేశారో తిరిగి వచ్చి సంఘంలో చెప్పాలి.

ఐదు, తెర ఎంత బాగున్నా, తెర లేని దారి కూడా తెరిచి ఉండాలి. గృహహింస చట్టం 2005 ప్రకారం రక్షణాధికారి దగ్గరికి మనిషి నడిచి వెళ్లి చెప్పుకోవచ్చు. ఏ యాప్ వచ్చినా ఆ తలుపు మూసుకోకూడదు.

ఆరోది మనకి మనం చెప్పుకోవలసింది. "ఏం ఫరవాలేదు, పెట్టండి" అనే మాట మన నోటి నుంచి రాకూడదు. వాళ్లు మనల్ని నమ్మి వస్తారు. ఆ నమ్మకాన్ని మనం ఎవరికో అప్పుగా ఇచ్చే హక్కు మనకి లేదు.

చివరగా ఒక్క మాట. జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు, చదువు లేనివాళ్లు, వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారని మీకు తెలుసు. పైనుంచి కిందికి చూస్తూ తీసేదాన్ని వాళ్లు పటేల్ షాట్ అంటారు. ఎదుటి మనిషి కళ్లకి సమానంగా కెమెరా పెట్టి తీసేదాన్ని సంఘం షాట్ అంటారు, సంఘంలో అందరూ సమానం కాబట్టి. హోటల్లో ఆ సాయంత్రం మన అక్కని తీసింది పటేల్ షాట్. రేపు ఎవరు యాప్ పట్టుకుని, కెమెరా పట్టుకుని మన ఊళ్లకి వచ్చినా, ముందు కింద చాప మీద కూర్చోమందాం. మాటలు ఆ తర్వాత.

ఆ అక్క ఈరోజు ఈ సమావేశానికి వచ్చింది. మూడో వరసలో కూర్చుంది. నేను చెప్పినదాంట్లో తప్పుంటే ఆమె లేచి దిద్దుతుంది. ఇప్పుడు మైకు ఆమెకే ఇస్తున్నాను.