ప్రజల విశ్వవిద్యాలయమున వర్తక విద్య

వర్తకము బడిలో నేర్చుకొనదగిన విద్యయేనా యను సందేహము మనవారిలో నేటికిని గలదు. కొట్టులో తండ్రి ప్రక్కన గద్దెపై కూర్చుండి, చిట్టా వ్రాయుటయు, దానిని ఆవర్జాకు ఎక్కించుటయు, ఎవరికి అరువు పెట్టవచ్చునో, ఎవరికి పెట్టరాదో ముఖము చూచి పోల్చుకొనుటయు అలవరచుకొన్న బాలునికి పుస్తకములతో పని యేమియని పెద్దలు అనుచుందురు. అందు నిజము లేకపోలేదు. కాని ఆ విద్య తండ్రినుండి కుమారునికి సంక్రమించునది. కొట్టులేని యింట పుట్టినవానికి అది దొరకదు. ప్రజల సొమ్ముతో నడచు విశ్వవిద్యాలయము ఆ విద్యను అందరికిని పంచుటకు పూనుకొన్నచో ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానమును మేము ఒక్క పాఠశాల చరిత్రలో వెదకదలచితిమి. అది అమెరికాలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన బర్క్లీ నగరములోని వర్తక విద్యాలయము. నేడు దానిని హాస్ పాఠశాల యందురు.

అమెరికాలో వర్తక విద్యకు మొదటి విద్యాలయము 1881లో ఫిలడెల్ఫియాలో వెలసినది. అది ప్రైవేటు విశ్వవిద్యాలయమునకు చెందినది. ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో మొదటిది బర్క్లీలోనిదే. అది 1898లో కామర్స్ కళాశాల యను పేరుతో ఆరంభమైనది. దానికి మూలధనమిచ్చినది కోరా జేన్ ఫ్లడ్ అను మహిళ. ఆమె తండ్రి జేమ్స్ ఫ్లడ్ సాన్ ఫ్రాన్సిస్కోలో పానశాల నడపి, పిమ్మట నెవాడా వెండి గనుల వాటాలలో అపారమైన ధనము గడించెను. తండ్రి విడిచిన భవనమును, దాని చుట్టునున్న భూమిని, ఒక నీటి సరఫరా కంపెనీలోని వాటాలను ఆమె విశ్వవిద్యాలయమునకు దానము చేసెను. వానిపై వచ్చు ఆదాయమును వర్తక విద్యకు వినియోగింపవలెనని కోరెను. గనులలో అదృష్టము కలిసివచ్చి చేరిన సొమ్ము, వర్తకమును శాస్త్రముగా నేర్పు పనికి పెట్టుబడియైనది.

ఆ కళాశాలకు మొదటి అధ్యక్షుడు ఎవరను విషయము మాకు మిక్కిలి ఆసక్తి కలిగించినది. కార్ల్ ప్లెన్ అను ఆయన వర్తకుడు గాడు. పన్నుల శాస్త్రమున పండితుడు. ప్రభుత్వము ఎవరివద్ద, ఎంత, ఏ న్యాయముతో పన్ను వసూలు చేయవలెనన్నదే ఆయన పరిశోధించిన విషయము. కాలిఫోర్నియా రాష్ట్రము 1910లో తన పన్నుల పద్ధతిని మార్చి, రాష్ట్రపు రాబడిని స్థానిక సంస్థల రాబడినుండి వేరుచేసినప్పుడు, ఆ సంస్కరణకు రూపమిచ్చినవారిలో ఆయన ముఖ్యుడు. వర్తకులను తయారుచేయు కళాశాలకు ప్రజల ఖజానా సంగతి తెలిసిన పండితుడు తొలి పెద్దగా నుండుట చిన్న విషయము గాదు. ఒకరి లాభము, అందరి ఖజానా ఈ రెండును ఒకే తరగతిలో చదువదగినవని ఆరంభముననే తలచినట్లయినది.

ఆయన తరువాత చెప్పుకొనదగినవాడు హెన్రీ రాండ్ హాట్‌ఫీల్డ్. ఈయన 1904లో బర్క్లీకి వచ్చి పద్దుల శాస్త్రమును బోధించెను. ఆ దినములలో తక్కిన ఆచార్యులకు ఈ శాస్త్రమన్న చులకన. గుమాస్తా పనికి విశ్వవిద్యాలయమున పీఠమా యని వారి భావము. హాట్‌ఫీల్డ్ 1923లో తోటి అధ్యాపకుల సభలో ప్రసంగించుచు ఈ చులకనకు చరిత్రతో సమాధానమిచ్చెను. జమకు ఖర్చుకు జోడు పద్దు వ్రాయు విధానమును వివరించు తొలి అచ్చు గ్రంథము 1494లో వెనిస్ నగరమున వెలువడినది. దానిని రచించిన లూకా పాచియోలీ క్రైస్తవ సన్యాసి, గణిత పండితుడు. అట్టివాని చేతినుండి వచ్చిన విద్య ఏ శాస్త్రమునకును తీసిపోదని హాట్‌ఫీల్డ్ వాదము. ఇందు గౌరవముతో పాటు మరియొక సంగతి యున్నది. యంత్రము ఏటేట అరుగును. ఆ తరుగుదలను లెక్కలో తీసివేయక లాభము పంచుకొన్న కంపెనీ, నిజమునకు తన మూలధనమునే పంచుకొనుచున్నది. అది తెలియక వాటాలు కొన్న సామాన్యుడు మోసపోవును. కనుక పద్దు సరిగా వ్రాయుట యజమానికే గాక, అతనిని నమ్మిన అపరిచితునికి కూడ రక్ష.

ఇక పరిశోధన మాట. మన పశువుల సంతలలో తువ్వాలు క్రింద చేతులు పెట్టి, వ్రేళ్లు పట్టి బేరమాడు పద్ధతి శ్రోతలలో పలువురు ఎరిగినదే. అమ్మువాని కడపటి ధర కొనువానికి తెలియదు. కొనువాని మనసు అమ్మువానికి తెలియదు. ఇట్లు ఒకరి సంగతి ఒకరికి పూర్తిగా తెలియని బేరమును గణితముతో విశ్లేషించుట యెట్లో 1967, 1968 సంవత్సరములలో ప్రకటించిన వ్యాసములలో చూపినవాడు జాన్ హర్సాన్యీ. ఆయన హంగరీలో యూదు కుటుంబమున పుట్టెను. 1944లో నాజీల చేతినుండి తప్పించుకొనెను. 1950లో కమ్యూనిస్టు పాలననుండి సరిహద్దు దాటి, ఆస్ట్రేలియాలో పగలు కర్మాగారములలో పని చేయుచు, సాయంకాలములు అర్థశాస్త్రము చదివెను. తుదకు 1964లో బర్క్లీ వర్తక విద్యాలయము చేరెను. 1994లో మరియిద్దరితో కలిసి నోబెల్ బహుమానము నందెను. అదే విద్యాలయమునకు చెందిన ఆలివర్ విలియమ్సన్ 2009లో ఆ గౌరవమునే పొందెను. ఒక కర్మాగారము తనకు కావలసిన వస్తువును తానే తయారుచేసికొనవలెనా, బయట కొనవలెనా యను సామాన్యమైన ప్రశ్నను ఆయన జీవితాంతము తరచి చూచెను.

ఇంతవరకు చెప్పినది గొప్ప. చిక్కు కూడ చెప్పవలెను. 1989లో ఆ పాఠశాలకు లీవై స్ట్రాస్ బట్టల సంస్థను నడపిన వాల్టర్ హాస్ పేరు పెట్టిరి. 2017లో తెరచిన చౌ భవనము పూర్తిగా దాతల ధనముతో కట్టినది. పేరు ప్రభుత్వ విశ్వవిద్యాలయము, గోడలు దాతలవి, 1990 దశకమునుండి వృత్తి విద్యలకు ప్రత్యేకముగా విధించిన రుసుములు విద్యార్థులవి. దీనిని సమర్థించువారి మాట కూడ వినదగినదే. రేపు పెద్ద జీతములు తెచ్చుకొనువారి చదువును పేదవాని పన్నుతో ఏల పోషింపవలెనని వారందురు. రుసుములు లేనిచో మంచి ఆచార్యులు ప్రైవేటు విద్యాలయములకు తరలిపోదురనియు అందురు. కాని అప్పు తెచ్చి రుసుము కట్టిన యువకుడు పట్టము చేతికి రాగానే దేనిని చూచును? మొదట అప్పు తీర్చు జీతమునే గదా. చిన్న ఊరి సహకార సంఘమో, పురపాలక సంఘమో అట్టి జీతమీయజాలదు. తలుపు తెరచియే యున్నను, గడప ఎత్తు పెరిగినచో ప్రవేశించువారు తగ్గుదురు.

ఈ సంగతి మనకు దూరపుది గాదు. హైదరాబాదున పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఇంజనీరింగు చదివిన శంతను నారాయణ్ 1993లో బర్క్లీలో ఈ పట్టము పొందెను. 2007లో అడోబీ సంస్థకు అధిపతి యయ్యెను. 1926లో నెలకొన్న మన ఆంధ్ర విశ్వవిద్యాలయము 1957లోనే ఎం.బి.ఏ. తరగతులను ఆరంభించినది. కావున ఈ విద్యను ప్రజల సొమ్ముతో ఏల నేర్పవలెనన్న ప్రశ్న మన యింటిది కూడ.

మా అభిప్రాయము చెప్పి ముగింతుము. విద్యాలయము గొప్పదా కాదా యని తెలిసికొనుటకు తలిదండ్రులు, తమ బిడ్డలకు ఏ కంపెనీవారు ఎంత జీతమిచ్చిరని అడుగుచుందురు. అడుగుట తప్పు గాదు. దానితో పాటు మరి రెండు ప్రశ్నలు అడుగవలెను. కొట్టులేని యిండ్లనుండి, భూమిలేని యిండ్లనుండి ఈ యేడు ఎందరు చేరిరి? చదివి వెడలినవారిలో ఒక ఆర్టీసీ డిపో పద్దులు, ఒక పంచాయతీ పద్దులు చదివి లోపము చూపగలవారు ఎందరు? ఈ సమాధానములు చెప్పగల విద్యాలయము ప్రజల ఋణము తీర్చుకొన్నట్లే. చెప్పలేనిచో, పన్ను కట్టిన ప్రతివానికి ఆ లెక్క అడుగు అధికారము గలదు.