మన చేలో మన పేరేమిటి?

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9న మనం కలిసినప్పుడల్లా జల్, జంగల్, జమీన్ అని నినదిస్తాం. ఈసారి ఆ జమీన్ మీద పనిచేసే మనిషి గురించి, ఆ మనిషిని లోకం ఏ పేరుతో పిలిచిందన్న దాని గురించి మాట్లాడుకుందాం. పేరులో ఏముందిలే అనుకోవద్దు. ఏ పేరు రాస్తారో దాన్నిబట్టే హక్కు వస్తుంది, పోతుంది.

పుస్తకాల్లో కర్షకుడు, హాలికుడు అని చదువుకున్నాం. హలం అంటే నాగలి. హాలికుడు అంటే నాగలి పట్టినవాడు. కర్షకుడు అన్నా దున్నేవాడే. మరి నాగలి ఎక్కని కొండ వాలులో గొడ్డలితో, పారతో, చేతికర్రతో పోడు కొట్టి సామలు, కొర్రలు, రాగులు, కందులు పండించిన మన తాతలను ఏమనాలి? విత్తనం దాచి, కలుపు తీసి, పంట కోసి, దంచి వండిన మన అవ్వలను ఏమనాలి? ఆ మాటల్లో వాళ్లకు చోటు లేదు. రైతు అన్న మాటైనా మొదట పొలం నుంచి వచ్చింది కాదు. అరబ్బీ, పారశీకాల నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం పాలకుడి కింద ఉండే ప్రజ. శిస్తు కట్టేవాడన్నమాట. శిస్తు లెక్కలో లేనివాడు ఎంత పండించినా రైతు కాలేదు.

పోడు చేసేవారికి సర్కారు వేరే పేరు పెట్టింది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి మీద ఆంక్షలు బిగిశాయి. తాతల నాటి చేను రిజర్వు అడవి అయింది. చేను చేసేవాడు ఆక్రమణదారు అయ్యాడు. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొరలతో కలిసి మన్యం లేచిందంటే, అడవి ఆంక్షలూ రోడ్డు పనుల్లో చాలీచాలని కూలికి చేయించిన చాకిరీ అందుకు కారణాలు. నిజాం పాలనలో కుమ్రం భీం జోడేఘాట్ కొండల్లో పోరాడిందీ అడవిలో సాగు చేసుకునే హక్కు కోసమే. 1940లో ఆయన అక్కడే నేలకొరిగాడు.

భూమి పోయినవారికి మూడో రకం పేర్లు వచ్చాయి. పాలేరు, జీతగాడు, భగేలా, వెట్టివాడు. జీవితం అన్న మాటే అరిగి జీతం అయిందని బడిలో ప్రకృతి వికృతుల పాఠంలో చదివే ఉంటారు. ఇప్పుడు మీలో ఎవరికైనా ఉద్యోగం వస్తే జీతం ఎంత అని అడుగుతారు. మన పల్లెల్లో పాతవాళ్లు మాత్రం ఫలానా దొర దగ్గర జీతం ఉన్నాడు అనేవారు. తీసుకున్న అప్పుకింద మనిషి జీవితమే జమకట్టుకున్నారని దాని అర్థం. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. ఆ చట్టం చదవండి. దేశమంతటా ఇలాంటి కట్టుబానిసత్వానికి ఉన్న పేర్లను వరుసగా రాశారు. అందులో భగేలా ఉంది, జీత ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. పేరు రాయకపోతే మాది వెట్టి కాదు, పాలేరు పద్ధతి అని తప్పించుకునేవారు ఉంటారు కదా! ఆ చట్టం వెట్టికి కారణమైన అప్పును కూడా రద్దు చేసింది.

పేరు మారిన చోటు మరొకటి ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం మనకు చారిత్రక అన్యాయం జరిగిందని తన పీఠికలోనే ఒప్పుకుంది. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికి, కుటుంబానికి 4 హెక్టార్లు మించకుండా, హక్కు ఇమ్మంది. నిన్నటి ఆక్రమణదారు హక్కుదారు అయ్యాడు. పెళ్లయినవారికి పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలని అదే చట్టం చెప్పింది. ఇంటికి వెళ్లి పట్టా తీసి చూడండి. అమ్మ పేరు ఉందా? లేకపోతే గ్రామసభలో అడగండి.

ఇక కౌలు. షెడ్యూల్డ్ ప్రాంతంలో 1/70గా మనం పిలుచుకునే చట్టం కింద ఆదివాసీ భూమిని గిరిజనేతరులకు అమ్మడమే కాదు, తాకట్టు పెట్టడం, కౌలుకు ఇవ్వడం కూడా చెల్లవు. అయినా ఏం జరుగుతోంది? తెల్లకాగితం మీద కౌలు అని రాయించుకుంటారు. రెండేళ్లకు భూమి వారి చేతిలోకి పోతుంది. భూమి గలవాడు అదే చేలోకి కూలికి వెళ్తాడు. రికార్డులో పట్టాదారు, చేలో కూలీ. ఈ రెండు పేర్లు ఒకే మనిషికి ఉన్న ఇల్లు మీ ఊళ్లో ఉంటే, ఆ కాగితానికి విలువ లేదని చదువుకున్న మీరే వాళ్లకు చెప్పాలి. ఐటీడీఏకో, భూబదలాయింపు కేసులు చూసే అధికారికో అర్జీ రాసిపెట్టాలి.

జనగణనలోనూ పేరు ముఖ్యం. సొంత భూమి గానీ, సర్కారు ఇచ్చినది గానీ, డబ్బుకో పంటలో వాటాకో తీసుకున్నది గానీ సాగు చేస్తే సాగుదారు. ఏ హక్కూ లేకుండా ఇతరుల చేలో కూలికి చేస్తే వ్యవసాయ కూలీ. మన ఇళ్లలో లెక్క రాసేవారు వచ్చి అమ్మ ఏం చేస్తుందని అడిగితే ఇంట్లోనే ఉంటుంది అనేస్తాం. పొద్దున్నే చేలోకి వెళ్లి పొద్దుగూకాక వచ్చే మనిషిని ఒక్క మాటతో లెక్కలోంచి తీసేస్తాం. ఈసారి అలా చెప్పకండి. అమ్మ సాగుదారు అని రాయించండి.

చివరిగా మీకు ఒక పని అప్పగిస్తున్నాం. ఈ మాటలన్నీ బయటివాళ్లు మనకు పెట్టినవి. మన కోయ, గోండి, కొలామి, కువి, సవర, గదబ భాషల్లో మన మాటలు ఉన్నాయి. దుక్కికి ముందు చేసే పనికి, కొత్తల పండుగకు ముందు చేనుకాపలా ఉండేవారికి, ఇవాళ మీ చేలో రేపు మా చేలో అని ఊరంతా కలిసి కూలి లేకుండా చేసుకునే పనికి పేర్లు ఉన్నాయి. గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకొని, ఊళ్లు తిరిగి మాటలు పోగుచేసి 1938లో సవర నిఘంటువు తెచ్చారు. మన భాష కానివారే అంత శ్రమపడ్డారు. మీ చేతిలో ఫోను ఉంది, ఇంట్లో అవ్వ ఉంది. ఒక్కొక్కరు పొలం పనికి, పొలం మనిషికి సంబంధించిన 20 మాటలు అవ్వ గొంతుతోనే రికార్డు చేసి, అర్థం తెలుగులో రాసి తీసుకురండి. వచ్చే సంచికలో అచ్చువేద్దాం.

మనల్ని ఏమని పిలవాలో మనమే చెబుదాం. జై ఆదివాసీ!