అప్రియమైన నిర్ణయం, నిజమైన లెక్క



పట్టాలు అందుకుంటున్న విద్యార్థినీ విద్యార్థులారా, జనం మెచ్చరని తెలిసి కూడా దేశం కోసం నాయకులు తీసుకునే నిర్ణయాల గురించి ఈ రోజు మీతో మాట్లాడతాను. మీలో చాలామందికి రాజకీయాల్లోకి వెళ్లే ఉద్దేశం ఉండకపోవచ్చు. అయినా ఇది మీ గురించిన ముచ్చటే. అలాంటి నిర్ణయాలు నిలబడేదీ కూలిపోయేదీ చదువుకున్నవాళ్లు చెప్పే నిజం మీదనే ఆధారపడి ఉంటుందని నా గట్టి నమ్మకం.

1991 సంగతి చూద్దాం. అప్పటికి మీరు పుట్టలేదు. అంతకు ముందు ఏడాది ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించింది. చమురు ధర ఎగబాకింది. అక్కడ పనిచేస్తున్న మన కడప, గోదావరి జిల్లాల వాళ్లతో సహా లక్షమందికి పైగా భారతీయులు కట్టుబట్టలతో విమానాలెక్కి తిరిగొచ్చారు. వాళ్లు ఇంటికి పంపే డబ్బు ఆగిపోయింది. అయితే నెపమంతా గల్ఫ్ యుద్ధం మీద వేసి ఊరుకోలేం. అంతకు ముందు ఏళ్ల తరబడి రాబడికి మించి ఖర్చుచేస్తూ, అప్పు మీద అప్పు తెస్తూ, గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నాం. కేంద్ర ప్రభుత్వ ద్రవ్యలోటు స్థూల దేశీయోత్పత్తిలో 8 శాతం దాటింది. విదేశీ మారకద్రవ్యం రెండు వారాల దిగుమతులకు సరిపడా మాత్రమే మిగిలింది.

ఆ స్థితిలో జూన్ 21న పి.వి. నరసింహారావు గారు ప్రధానిగా ప్రమాణం చేశారు. అప్పటికి ఆయనకు మరో వారంలో 70 ఏళ్లు నిండుతాయి. ఆ ఎన్నికల్లో ఆయన పోటీ చేయలేదు. పుస్తకాలు సర్దుకుని హైదరాబాద్ వచ్చేయాలనుకున్నారు. రాజీవ్ గాంధీ హత్యతో దేశం ఒక్కసారిగా ఆయన చేతుల్లోకి వచ్చింది. లోక్‌సభలో ఆయన పార్టీకి సొంత మెజారిటీ లేదు. పగ్గాలు చేపట్టే ముందే కేబినెట్ కార్యదర్శి నరేష్ చంద్ర దేశ ఆర్థిక స్థితి మీద ఒక నోట్ ఆయన చేతికిచ్చారు. అందులో ఉన్నదేదీ ఏ ప్రధానీ వినాలనుకునేది కాదు. ఆ నోట్‌ను మీరు గుర్తుపెట్టుకోవాలి.

అప్పు తీర్చడానికి దేశం బంగారం తాకట్టు పెట్టింది. తెలుగింట్లో బంగారం తాకట్టు పెట్టడమంటే ఏమిటో ఇక్కడ కూర్చున్న తల్లులకు నేను చెప్పనక్కర్లేదు. మీలో కొందరి సెమిస్టర్ ఫీజు వెనక అమ్మ గొలుసు ఉండే ఉంటుంది. ఇంటి గుట్టు వీధిలో పడినట్టుండే ఆ బాధను ఆ ఏడాది దేశమంతా పడింది. మే నెలలో చంద్రశేఖర్ గారి ఆపద్ధర్మ ప్రభుత్వం 20 టన్నుల బంగారాన్ని తిరిగి కొనుక్కునే షరతు మీద విదేశానికి పంపింది. జులైలో రిజర్వ్ బ్యాంకు మరో 47 టన్నులు తాకట్టు పెట్టి సుమారు 40 కోట్ల డాలర్లు తెచ్చింది. ఆ బంగారం ముంబైలో విమానాశ్రయానికి వెళ్తుండగా దారిలో ఒక వ్యాను టైరు పేలింది. సాయుధ కమాండోలు దిగి చుట్టూ కాపలా నిలబడాల్సి వచ్చింది. అప్పట్లో ఆర్థిక మంత్రిత్వ శాఖలో పనిచేసి, తర్వాత రిజర్వ్ బ్యాంకు గవర్నరైన మన కడప జిల్లా బిడ్డ వై.వి. రెడ్డి గారు చెప్పగా లోకానికి తెలిసిన సంగతి ఇది.

ఇక రూపాయి సంగతి. 1966లో ఇందిరా గాంధీ రూపాయి విలువ తగ్గించినప్పుడు దేశమంతా మండిపడింది. మరుసటి ఏడాది ఎన్నికల్లో కాంగ్రెస్ చాలా రాష్ట్రాల్లో అధికారం కోల్పోయింది. ఆ గాయం పి.వి. తరం నాయకులందరికీ గుర్తుంది. అందుకే ఈసారి రెండు విడతలుగా తగ్గించాలనుకున్నారు. జులై 1న మొదటి విడత జరిగింది. విమర్శలు మొదలయ్యాయి. జులై 3 ఉదయం ప్రధాని ఆర్థికమంత్రి మన్మోహన్ సింగ్‌ను పిలిచి రెండో విడత ఆపమన్నారు. ఆర్థికమంత్రి రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నర్ సి. రంగరాజన్‌కు ఫోన్ చేశారు. అప్పటికే ప్రకటన వెలువడిందని జవాబొచ్చింది.

ఈ సంఘటన పి.వి. గారి ప్రతిష్ఠను తగ్గిస్తుందని నేను అనుకోను. భయమెరగనివాడే ధైర్యవంతుడన్నది కథల్లో మాట. ఆయనకు భయం వేసింది, వెనకాడారు. అయినా జరిగిన నిర్ణయాన్ని అధికారుల మీదికి తోసి చేతులు దులుపుకోలేదు. నాది కాదని ఆర్థికమంత్రిని బలిపెట్టలేదు. పార్లమెంటులోనూ పార్టీలోనూ దాని వెనక నిలబడ్డారు. నాకు ఆయనలో కనిపించే ధైర్యం అదే.

జులై 24న బడ్జెట్ వచ్చింది. మన్మోహన్ సింగ్ పార్లమెంటులో నిలబడి, మన దగ్గరున్న విదేశీ మారకద్రవ్యం సుమారు 2,500 కోట్ల రూపాయలే, అది పక్షం రోజులకు మించి చాలదు అని దేశానికి చెప్పారు. దాచిపెట్టడానికి ఎంతో వీలున్న అంకెను అందరి ముందూ పెట్టారు. అదే రోజు కొత్త పారిశ్రామిక విధానం వచ్చింది. ప్రధానే పరిశ్రమల శాఖను తన దగ్గర ఉంచుకున్నారు. కొన్ని రంగాలు మినహా పరిశ్రమ పెట్టడానికి లైసెన్సు అక్కర్లేకుండా పోయింది. గ్యాస్, పెట్రోలు, రేషన్ చక్కెర ధరలు పెరిగాయి. ఎరువుల ధర 40 శాతం పెంచారు.

ఎరువుల దగ్గర గొడవ లేచింది. విపక్షాలే కాదు, సొంత పార్టీ ఎంపీలే లేచి నిలబడ్డారు. కౌలు రైతు, ఎకరం రెండెకరాల రైతు యూరియా బస్తా ఎలా కొంటాడని నిలదీశారు. ఆగస్టు మొదటి వారంలోనే పెంపును 30 శాతానికి తగ్గించారు. చిన్న, సన్నకారు రైతులకు మినహాయింపు ఇచ్చారు. ప్రభుత్వం దారి మార్చుకోలేదు, కానీ ఆ దారిలో ఎవరి కాళ్లు కాలుతున్నాయో చూసింది. జనం మాట వినడానికీ, జనానికి భయపడి పాము చావకుండా కర్ర విరగకుండా కాలం గడపడానికీ తేడా అక్కడ తెలుస్తుంది.

ప్రమాణ స్వీకారం నుంచి బడ్జెట్ దాకా ఇదంతా దాదాపు ఐదు వారాల్లో జరిగింది. ఎలా సాధ్యమైంది? అంతకు ముందు ఏళ్లలోనే మాంటెక్ సింగ్ అహ్లూవాలియా, రాకేష్ మోహన్ వంటి అధికారులు, ఆర్థికవేత్తలు ఏం మార్చాలో కాగితం మీద పెట్టి ఉంచారు. ఆ కాగితాలు కొన్నాళ్లు బల్లల మీద పడి ఉన్నాయి. సమయం వచ్చినప్పుడు నాయకుడి ధైర్యానికి అవే ఊతమయ్యాయి. ముందు ఎవరూ హోంవర్కు చేయకపోయి ఉంటే, ఎంత గుండె ధైర్యమున్న ప్రధానికైనా ఆ జులైలో ఏం చేయాలో తోచేది కాదు.

ఇక్కడ మీకొక హెచ్చరిక చేయాలి. జనం వద్దన్నదల్లా దేశహితం అయిపోదు. ఎమర్జెన్సీ రోజుల్లో కూడా దేశహితమనే చెప్పారు. 1976-77లో 80 లక్షలకు పైగా కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు జరిగాయి. ఎంతోమందికి బలవంతంగా చేశారు. ఉత్తరాది రాష్ట్రాల్లో కోటా పూర్తిచేయని బడిపంతుళ్ల జీతాలు ఆపారు. పత్రికలకు సెన్సారు. ప్రశ్నించినవాళ్లు జైళ్లలో. పైవాళ్లకు నచ్చే లెక్కలు మాత్రమే పైకి చేరాయి. 1977 మార్చిలో ఓటరు తీర్పు చెప్పేదాకా ఏలినవాళ్లకు నేల మీద ఏం జరుగుతోందో తెలియలేదు. కుటుంబ నియంత్రణ అనే మంచి పనికే ఆ తర్వాత చాలా ఏళ్లు చెడ్డపేరు మిగిలింది. 1991కీ దీనికీ పోలిక పెట్టి చూడండి. ఒకచోట చేదు అంకె సభలో వినబడింది, సభ్యులు తిట్టారు, ప్రభుత్వం దిద్దుకుంది. రెండోచోట తిట్టే నోరే లేకుండా చేశారు.

పి.వి. గారి జీవితంలోనే ఇంకో పాఠం ఉంది. 1971లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యాక ఆయన భూపరిమితి చట్టానికి పూనుకున్నారు. వంగరలో ఆయనదీ భూస్వామి కుటుంబమే. తన భూమినీ వదులుకున్నారు. పార్టీలో పెద్ద భూముల వాళ్లు కన్నెర్రజేశారు. తెలంగాణలో ఉద్యోగాలు స్థానికులకేనన్న ముల్కీ నిబంధనల మీద రగిలిన జై ఆంధ్ర ఉద్యమం తోడైంది. 1973 జనవరిలో కుర్చీ పోయింది. చట్టం వచ్చి, తర్వాత అమల్లోకీ వచ్చింది. కానీ ఊళ్లలో పహాణీలు, అడంగళ్లు వేరే కథ చెప్పాయి. భూమి బినామీ పేర్ల కింద, కాగితం మీది వాటాల కింద దాక్కుంది. పేదవాడికి చేరాల్సినదాంట్లో చేరింది కొంతే. పైనున్న నాయకుడు కుర్చీ పోగొట్టుకుని చేసిన పనిని, కింద రికార్డు రాసే చేయి ఒక్క అబద్ధంతో నీరుగార్చగలదు. ఆ రికార్డులు రాసినవాళ్లు అక్షరాలు వచ్చినవాళ్లే.

పి.వి. గారిని పూజించమని నేను చెప్పడం లేదు. 1991 జులైలో కదిలిన నాయకుడే 1992 డిసెంబరు 6 కూల్చివేతకు ముందు బాబ్రీ మసీదును కాపాడటానికి కదలాల్సినంతగా కదలలేదన్న విమర్శను చివరిదాకా మోశారు. అది కూడా ఆయన ఖాతాలోదే. సంస్కరణల ఫలం అందరికీ ఒకేలా అందలేదు. హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ లేస్తున్న రోజుల్లోనే, 1997-98లో, వరంగల్ జిల్లాలో పత్తి రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. ఆ చావులకు 1991 ఒక్కటే కారణమనడం న్యాయం కాదు. కానీ పరిశ్రమకు తలుపులు తెరిచినంత శ్రద్ధగా సాగునీటికి, బ్యాంకు రుణానికి, నాణ్యమైన విత్తనానికి తెరవలేదన్నది నిజం. పెద్ద నిర్ణయం ఒక్క రోజులో పూర్తికాదు. దాని భారం ఎవరి మీద పడుతోందో ఏళ్ల తరబడి చూస్తూనే ఉండాలి.

1991లో బంగారం మీద తెచ్చిన అప్పును అదే ఏడాది తీర్చేశాం. 2009లో రిజర్వ్ బ్యాంకు అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 200 టన్నుల బంగారం కొన్నది. ఇప్పుడు మన విదేశీ మారక నిల్వలు 60 వేల కోట్ల డాలర్లు దాటాయి. పి.వి. గారి పార్టీ మాత్రం 1996లో ఓడిపోయింది. ఆయన 2004లో కన్నుమూశారు. భారతరత్న 2024లో వచ్చింది. అప్రియమైన నిర్ణయానికి ప్రతిఫలం తీసుకున్నవాడి జీవితకాలంలో రావాలన్న నియమం లేదు.

మిత్రులారా, ఇప్పుడు మీ సంగతి. రేపు మీలో ఒకరు జిల్లా కార్యాలయంలో ఫైలు మీద నోట్ రాస్తారు. ఒకరు బ్యాంకులో రుణం మంజూరు చేస్తారు. ఒకరు వంతెన కాంక్రీటు పరీక్షించి నివేదిక ఇస్తారు. ఒకరు జ్వరాల లెక్క పైకి పంపుతారు. ప్రతి చోటా పైవాళ్లకు నచ్చే అంకె ఒకటి, నిజమైన అంకె ఒకటి ఉంటాయి. నచ్చే అంకె రాస్తే ఆ రోజు గడిచిపోతుంది. నిజమైన అంకె రాస్తే బదిలీ రావచ్చు, చీవాట్లు పడవచ్చు. అయినా నిజమే రాయండి. చేదు నిజం చెప్పే నోట్ చేతిలో లేకపోతే, ఏ నాయకుడూ చేదు నిర్ణయం సరిగా తీసుకోలేడు.

పౌరులుగా ఇంకో బాధ్యత ఉంది. కష్టమైన కబురు తెచ్చిన నాయకుణ్ని వెంటనే తిట్టకండి, వెంటనే జేజేలు కొట్టకండి. ముందు అడగండి. లెక్క మా ముందు పెట్టారా? భారం మొదట ఎవరి మీద పడుతుంది, అది మోయగలిగినవాళ్లేనా? తప్పని తేలితే దిద్దుకునే దారి ఉంచారా? రేపు జవాబు చెప్పడానికి మీరు నిలబడతారా? వీటికి జవాబులున్న నిర్ణయం మీ జేబుకు బరువైనా సరే, దాని పక్షాన నిలబడండి. జవాబుల్లేని నిర్ణయం మీకు లాభమైనా సరే, ఎదిరించండి.

ఈ దేశానికి ధైర్యమున్న నాయకులు అప్పుడప్పుడే దొరుకుతారు. వాళ్లకు నిజం చెప్పే మనుషులు మాత్రం ప్రతి ఆఫీసులో, ప్రతి ఊళ్లో, ప్రతి రోజూ కావాలి. ఆ కొలువుకు ఈ రోజు మిమ్మల్ని పంపుతున్నాం. నిజాయితీగా చేయండి.