అడిగినట్లు కాదు, అడుగవలెను
(నిమ్‌పురా కార్మిక సభలో చేసిన ప్రసంగ పాఠము)



ప్రజాభిప్రాయము సేకరించితిమని అనిపించుకొనుట సులభము. పరిశ్రమల పర్యావరణ అనుమతులపై 2020లో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన ముసాయిదా ఇంగ్లీషు, హిందీలలోనే వెలువడినది. ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలోకి అనువదించవలెనని, గడువును ఆగస్టు 11 వరకు పొడిగించవలెనని జూన్ 30న ఢిల్లీ హైకోర్టు ఆదేశించవలసి వచ్చినది. కనీసము 30 రోజుల వ్యవధి ఇవ్వవలెనని, వచ్చిన సూచనల సారాంశము ప్రకటించవలెనని 2014 నాటి కేంద్ర విధానమే చెప్పుచున్నది.

అయితే ప్రభుత్వమును నిలదీయుటకు ముందు మన సంగతి చూచుకొందము. క్వార్టర్ల మరమ్మతులపై మేము సభ జరిపినపుడు నోటీసు ఇంగ్లీషులోనే అంటించితిమి. సభ సాయంత్రము ఆరు గంటలకు. ఆ వేళ యార్డులో డ్యూటీ చేయువారు ఎట్లు రాగలరు? కుళాయి వద్ద గంటలు నిలుచు గృహిణులను మేము పిలువనే లేదు. తీర్మానము మాత్రము ఏకగ్రీవము! గోడలకు రంగులు కోరితిమి. కాలనీకి కావలసినది నీరు.

ఇకపై నోటీసు తెలుగు, బెంగాలీ, హిందీలలో ఉండును. మూడు షిఫ్టులకు మూడు సమావేశములు జరిపెదము, అదియు తీర్మానము వ్రాయక ముందే. అంగీకరింపని ప్రతి సూచనకు కారణము యూనియన్ బోర్డుపై వ్రాసెదము. తపాలా సోదరులు బట్వాడా ముగించి రాగల వేళ ఏదో నేడే వారు చెప్పవలెను.