గ్రీన్‌రూమ్ తలుపు దగ్గర

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న అంశం "వినోదరంగంలో స్త్రీలపై లైంగిక వేధింపులు". ఈ అంశం రాగానే మనకి నటీమణులు, జూనియర్ ఆర్టిస్టులు, డాన్సర్లు గుర్తొస్తారు. వాళ్ళ గురించి మాట్లాడాలి, మాట్లాడుతున్నాం కూడా. ఈ రోజు నేను ఆ రంగంలో పనిచేయని, జీతం తీసుకోని, పైగా తన డబ్బు పెట్టి టికెట్ కొనుక్కుని వచ్చే అమ్మాయి గురించి చెప్తాను. అభిమాని గురించి. మన కేసు ఫైళ్ళన్నీ తిరగేసినా ఆ అమ్మాయి కనపడదు. ఆమె రాకపోవడం వల్ల కాదు. వచ్చినా మనం రాసుకోకపోవడం వల్ల. ఈ మాట ఎవరినో తప్పుపట్టడానికి అనడం లేదు, రాసుకోనిదాన్ని నేనే.

ముందు నా సంగతి చెప్పాలి. 1988లో నేను హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. రాక్ సంగీతం అనేది ఒకటుందని హాస్టలుకి వచ్చాకే తెలిసింది. నా రూమ్మేట్‌ది సికింద్రాబాద్. వాళ్ళన్నయ్య క్యాసెట్లు తెచ్చి వార్డెన్‌కి వినపడకుండా సౌండ్ తగ్గించి పెట్టేది. మొదట్లో అదంతా గోల అనిపించింది. మాటలు సగం అర్థమయ్యేవి కావు. నెల తిరిగేసరికి ఆ గోలే కావాలనిపించింది. మెల్లగా మాట్లాడు, నవ్వు వినపడనీకు, అడుగుల చప్పుడు రానీకు అని పెంచిన పిల్లని నేను. అలాంటిదానికి, ఒక మనిషి గొంతు చించుకుని అరుస్తుంటే తప్పని ఎవరూ అనకపోగా వేలమంది చప్పట్లు కొట్టడం ఎంత వింతగా, ఎంత హాయిగా ఉంటుందో మీలో కొందరికైనా తెలిసే ఉంటుంది.

ఆ సంవత్సరం ఒక కాలేజీ ఉత్సవానికి వేరే నగరం నుంచి ఒక బ్యాండు వచ్చింది. దాని పేరు, ఆ గాయకుడి పేరు ఇక్కడ అనవసరం. అతని క్యాసెట్ అరిగిపోయేదాకా విన్నాను. అతని ఫోటో నా ఫిజిక్స్ రికార్డులో ఉండేది. కార్యక్రమం అయ్యాక వాలంటీరు బ్యాడ్జీ పెట్టుకున్న ఒకతను మా దగ్గరికి వచ్చి "ఆటోగ్రాఫ్ కావాలా?" అన్నాడు. నా వైపు వేలు చూపించి "మీరొక్కరే రండి, ఆవిడ ఇక్కడే ఉంటారు" అన్నాడు. నా రూమ్మేట్ నా మణికట్టు పట్టుకుంది. "ఇద్దరం వస్తాం, లేకపోతే ఇద్దరం రాం" అంది. అతను విసుక్కుని ఇద్దరినీ పంపాడు.

లోపల నేను ఊహించుకున్నదేమీ లేదు. అది ఒక క్లాసురూమే. బెంచీలు గోడకి జరిపారు. నా ఆరాధ్యదైవం మెడలో తువ్వాలు వేసుకుని, చెమటతో, గ్లాసులో టీ తాగుతున్నాడు. స్టేజి మీద ఉన్నంత పొడుగ్గా కూడా లేడు. నేను నోట మాట రాక క్యాసెట్ అట్ట చాపాను. సంతకం పెట్టి ఏ కాలేజీ అని అడిగాడు. నాకు కాలేజీ పేరు గుర్తు రాలేదు! రూమ్మేటే చెప్పింది. ఇంతలో పక్కనున్న ఒకాయన, మేనేజరో ఎవరో, "హోటల్లో పార్టీ ఉంది, వ్యాన్‌లో చోటుంది, అమ్మాయిలు రావచ్చు" అన్నాడు. మా రూమ్మేట్ "హాస్టల్ గేటు మూసేస్తారు" అని నన్ను లాక్కొచ్చేసింది.

దారి పొడుగునా దానితో మాట్లాడలేదు. తర్వాత కూడా చాలా రోజులు మాట్లాడలేదు. దాని చేయి లేకపోతే నేను ఆ వ్యాన్ ఎక్కేదాన్ని. ఇందులో నాకు సందేహం లేదు. ఎక్కితే ఏమయ్యేదో తెలియదు. ఏమీ కాకపోవచ్చు కూడా. కానీ ఎక్కడం, ఎక్కకపోవడం నా తెలివి వల్లో నా పెంపకం వల్లో జరగలేదు. ఒక రూమ్మేట్ మొండితనం వల్ల జరిగింది. ఈ సంగతి 27 ఏళ్ళ తర్వాత నాకు గుర్తు రావలసిన సమయంలో గుర్తు రాలేదు. ఆ విషయానికి తర్వాత వస్తాను.

అభిమానం అంటే పిచ్చి అని, అమ్మాయిలకైతే సిగ్గులేనితనం అని మన సంఘాల్లో కూడా ఒక అభిప్రాయం ఉంది. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ అమెరికా వెళ్ళినప్పుడు పన్నెండు, పదమూడు, పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు పోలీసుల వరుసలు తోసుకుని వీధుల్లో పరుగెత్తారు, అరిచారు, స్పృహ తప్పారు. అప్పటి పెద్దమనుషులు దాన్ని జబ్బన్నారు. బార్బరా ఎరెన్‌రైక్, ఎలిజబెత్ హెస్, గ్లోరియా జేకబ్స్ అనే ముగ్గురు స్త్రీవాద రచయిత్రులు 1986లో దీన్ని వేరే రకంగా చూశారు. మంచి అమ్మాయిగా ఉండాలి, తనని తాను అదుపులో పెట్టుకోవాలి, అబ్బాయిలని కూడా తనే అదుపులో పెట్టాలి అనే కట్టడి కింద పెరిగిన పిల్లలు ఆ అదుపుని బహిరంగంగా వదిలేశారని, అది ఒక తిరుగుబాటని వాళ్ళ వాదన. నాకు ఆ వాదన నచ్చుతుంది. ఆ పిల్లలకు కావలసింది ఆ నలుగురు కుర్రాళ్ళు మాత్రమే కాదు, వాళ్ళకున్న స్వేచ్ఛ కూడా.

మన దగ్గర ఇంకో తేడా ఉంది. సినిమా అభిమాన సంఘాల మీద పరిశోధన చేసిన ఎస్.వి. శ్రీనివాస్ రచనలు చూస్తే అవి దాదాపు పూర్తిగా మగవాళ్ళ సంఘాలని తెలుస్తుంది. మగ అభిమాని ఊరేగింపు తీస్తాడు, కటౌట్‌కి దండ వేస్తాడు, అది ఊరందరి ముందూ జరుగుతుంది. ఆడపిల్ల అభిమానం నోటుపుస్తకంలో, దిండు కింద ఉంటుంది. ఆమెకి సంఘం లేదు. పక్కన నిలబడేవాళ్ళు లేరు. అందుకే ఆ తలుపు దగ్గరికి ఆమె ఒంటరిగా వెళ్తుంది.

ఇక ఆ తలుపు సంగతి. గ్యారీ గ్లిట్టర్ అనే బ్రిటిష్ రాక్ గాయకుడు 1970లలో అక్కడి పిల్లలకు చాలా ఇష్టమైన తార. 2015 ఫిబ్రవరిలో లండన్ కోర్టు అతనికి 16 ఏళ్ళ జైలుశిక్ష వేసింది. 1975-80 మధ్య ముగ్గురు బాలికలపై చేసిన నేరాలకు. అందులో ఇద్దరి వయసు 12, 13. వాళ్ళని స్టేజి వెనక డ్రెస్సింగ్‌రూముకి పిలిచారు. దయచేసి ఈ తర్వాతి వాక్యం జాగ్రత్తగా వినండి. ఆ పిల్లలు తల్లులతోనే వచ్చారు. తల్లుల నుంచి వాళ్ళని విడదీసి ఈ పని చేశాడు. "తల్లి ఎక్కడికి పోయింది?" అని మనం అలవాటుగా అడిగే ప్రశ్నకి ఇక్కడ చోటు లేదు. అంత పెద్ద తార మీద చెప్తే ఎవరూ నమ్మరనుకుని ఆ పిల్లలు నోరు విప్పలేదు. 2012లో జిమ్మీ శావిల్ అనే టీవీ ప్రముఖుడి దుర్మార్గాలు అతను చనిపోయాక బయటపడ్డాయి. అప్పుడు పోలీసులు మొదలుపెట్టిన దర్యాప్తులో ఈ కేసు పైకొచ్చింది. అంటే ఆ పిల్లలు యాభై ఏళ్ళు దాటాకో, దగ్గరపడ్డాకో కోర్టు వాళ్ళ మాట విన్నది.

అమెరికాలో ఆర్. కెల్లీ కేసు ఇంకో పాఠం. అతను రాక్ కాదు, ఆర్ అండ్ బీ గాయకుడు. 2008లో ఒక కేసులో నిర్దోషిగా బయటికి వచ్చాడు. ఆ విచారణ జరుగుతుండగా పద్నాలుగేళ్ళ అభిమాని ఒకమ్మాయి అతనికి మద్దతుగా కోర్టుకి వచ్చేది. అతన్ని మొదట కలిసింది అక్కడే. పదహారేళ్ళకి అతని ఇంట్లో అతని చేతిలో చిక్కింది. 2021లో బ్రూక్లిన్ ఫెడరల్ కోర్టులో అతనికి వ్యతిరేకంగా మొట్టమొదటి సాక్షి ఆమే. తొమ్మిది అభియోగాలూ రుజువయ్యాయి, 2022 జూన్‌లో 30 ఏళ్ళ శిక్ష పడింది. మనం గమనించవలసింది వాళ్ళు వాడిన చట్టం. మాఫియా ముఠాల కోసం చేసిన చట్టాన్ని వాడారు. ఎందుకంటే ఇది ఒక్కడు చేసిన పని కాదు, మేనేజర్లు, బాడీగార్డులు, డ్రైవర్లు, సహాయకులు కలిసి అమ్మాయిల్ని అతని దగ్గరికి చేర్చే వ్యవస్థగా నడిచిందని ప్రాసిక్యూషన్ చూపించింది. నాకు వెంటనే ఆ వాలంటీరు బ్యాడ్జీ గుర్తొచ్చింది. "మీరొక్కరే రండి" అన్న కుర్రాడు. అతనికి బహుశా తనేం చేస్తున్నాడో కూడా తెలియదు. ఎవరో చెప్పారు, చేశాడు. వ్యవస్థ నడిచేది అలాంటి కుర్రాళ్ళతోనే.

ఇప్పుడు చెప్పడానికి కష్టంగా ఉన్న భాగం.

2015లో మా కౌన్సిలింగ్ సెంటర్‌కి ఒక అమ్మాయి వచ్చింది. పందొమ్మిదేళ్ళు. పిన్నిని తోడు తెచ్చుకుంది. నాలుగు నెలల క్రితం ఒక గాయకుడి కార్యక్రమానికి ఇద్దరు స్నేహితురాళ్ళతో వెళ్ళింది. సెల్ఫీ కోసం గ్రీన్‌రూమ్ దగ్గర నిలబడితే ఈమెనొక్కదాన్నే లోపలికి పిలిచారు. వెనక తలుపు వేశారు. అతను మీద చేతులు వేశాడు, ఆమె వద్దంటున్నా ఆగలేదు. బయట ఎవరో పిలవడంతో తలుపు తెరుచుకుంది. ఈ వివరాలన్నీ పిన్ని చెప్పింది. అమ్మాయి తలవంచుకుని కూర్చుంది. అప్పటికి నేను ఈ పనిలో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నాను. శిక్షణ ఇచ్చేదాన్ని. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "నువ్వొక్కదానివే ఎందుకు వెళ్ళావమ్మా?"

ఆ అమ్మాయి తలెత్తి, "ఆయనంటే ఇష్టం మేడమ్" అంది. అంతే. మళ్ళీ మాట్లాడలేదు.

నేను పోలీసు కేసు గురించి చెప్పాను, వాళ్ళు వద్దన్నారు. రిజిస్టర్‌లో "సలహా ఇవ్వడమైనది" అని రాసి మూసేశాను. ఆ అమ్మాయి మళ్ళీ రాలేదు. ఆమె అన్న మాటని నేను ఒప్పుకోలుగా విన్నాను. అది ఒప్పుకోలు కాదు, నా ప్రశ్నకి జవాబు. ఇష్టం కాబట్టి గుమ్మం దాకా వెళ్ళింది. అతని పాట మీద ఇష్టం అతని చేతికి అనుమతి ఎలా అవుతుంది? క్యాసెట్ అట్ట చాపినప్పుడు నేను అడిగింది సంతకం.

ఇంకో తప్పు కూడా చేశాను, అది తెలియనితనం. పనిస్థలంలో లైంగిక వేధింపుల చట్టం 2013లో వచ్చింది. అది ఉద్యోగినులకే అనుకున్నాను. మనలో చాలామంది ఇప్పటికీ అలాగే అనుకుంటున్నారు. చట్టం రెండో సెక్షన్ చదవండి. బాధిత స్త్రీ అంటే ఏ వయసు స్త్రీ అయినా, అక్కడ ఉద్యోగం చేస్తున్నా చేయకపోయినా అని ఉంది. పనిస్థలం నిర్వచనంలో వినోద కార్యకలాపాలు నడిపే ప్రైవేటు సంస్థలు ఉన్నాయి. గ్రీన్‌రూమ్ అభిమానికి పనిస్థలం కాదు, గాయకుడికి పనిస్థలమే. ఫిర్యాదుకి మూడు నెలల గడువు, తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు. ఆ అమ్మాయి వచ్చింది నాలుగో నెలలో. దారి ఇంకా మూసుకుపోలేదు. నేను చూపించలేదు.

ఇది సులువైన దారని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. ఆ గాయకుడు ఎవరి ఉద్యోగి? కార్యక్రమం పెట్టిన సంస్థదా, హాలు వాళ్ళదా, ఎవరిదీ కాదా? వాదన అక్కడే మొదలవుతుంది. పదిమంది కంటే తక్కువ పనిచేస్తూ కమిటీ లేనిచోట, లేదా యజమాని మీదే ఫిర్యాదు అయినప్పుడు జిల్లా లోకల్ కమిటీకి వెళ్ళాలి. మీ జిల్లాలో ఆ కమిటీ అధ్యక్షురాలెవరో మీకు తెలుసా? ముందు అది తెలుసుకోండి. అమ్మాయికి 18 నిండకపోతే మొత్తం వ్యవహారం పోక్సో కిందికి వస్తుంది. అప్పుడు తెలిసినవాళ్ళు, అంటే మనం కూడా, ఫిర్యాదు చేసి తీరాలి. అక్కడ "సలహా ఇవ్వడమైనది" అని రాస్తే మనమే నేరస్థులం. మూడేళ్ళకు మించిన శిక్ష ఉన్న నేరాలకు మన క్రిమినల్ చట్టంలో కాలపరిమితి లేదు. చాలా ఏళ్ళయిందని ఎవరైనా వస్తే ఆలస్యమైందని వెనక్కి పంపకండి.

కార్యక్రమాలు పెట్టేవాళ్ళని కూడా అడగాలి. ఈ మధ్య హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో పెద్ద పెద్ద సంగీత కార్యక్రమాలు జరుగుతున్నాయి. గాయకుడిని కలిసే అవకాశానికి వేరే రేటు పెట్టి అమ్ముతున్న చోట్లున్నాయి. అనుమతి ఇచ్చేటప్పుడు అగ్నిమాపకం గురించి, పార్కింగ్ గురించి అడుగుతారు. స్టేజి వెనకకి ఎవరిని ఎవరు తీసుకెళ్తారు, తలుపు తెరిచే ఉంటుందా, తోడు వచ్చినవాళ్ళని ఎందుకు ఆపుతారు, అక్కడ బాధ్యత గల స్త్రీ ఎవరైనా ఉంటారా అని అడగాలని మనం కోరాలి. అమ్మాయిలని కార్యక్రమాలకి వెళ్ళొద్దని చెప్పే కరపత్రం మాత్రం దయచేసి వేయకండి. ఒక సంఘం వేసింది, చూశాను. నాకు మా హాస్టల్ వార్డెన్ గుర్తొచ్చింది.

మా సెంటర్‌లో ఇప్పుడు ఇంటేక్ ఫారం మార్చాం. "మీరు అక్కడికి ఎందుకు వెళ్ళారు" అనే గడి తీసేశాం. దాని స్థానంలో "లోపలికి ఎవరు పిలిచారు, తోడున్నవాళ్ళని ఎవరు ఆపారు, తలుపు ఎవరు వేశారు" అని పెట్టాం. ఈ మూడు జవాబులుంటే అది ఒక్కడి కేసు కాదని తెలిసిపోతుంది, సాక్షులు కూడా దొరుకుతారు. నమూనా కాపీలు తెచ్చాను, బల్ల మీద ఉన్నాయి. మధ్యాహ్నం గ్రూపుల్లో కూర్చున్నప్పుడు చూసి, ఇంకేం అడగాలో చెప్పండి.